ఓక్ చెట్ల కింది తుంగ: పెన్సిల్వేనియా సెడ్జ్ నీడ తోటలో ఎందుకు నిలుస్తుంది, ఎందుకు నిలవదు

తుంగ అనగానే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది తుంగముస్తె. ఎంత పీకినా నేలలో మిగిలిన గడ్డ నుంచి మళ్ళీ లేచి సేద్యగాణ్ణి ఏడిపించే కలుపు అది. అలాంటిది, అమెరికా తూర్పు రాష్ట్రాల్లో తోటలు వేసేవాళ్ళు ఒక తుంగను డబ్బు పెట్టి కొని, పాదు కట్టి, నీళ్ళు పోసి పెంచుతున్నారంటే వింతగానే ఉంటుంది. దాని పేరు పెన్సిల్వేనియా సెడ్జ్ (సెడ్జ్ అంటే ఇంగ్లీషులో తుంగ). ఓక్ సెడ్జ్ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం కేరెక్స్ పెన్సిల్వానికా, ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు లామార్క్. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: రాష్ట్రం పేరులో రెండు 'ఎన్'లు వరసగా వస్తాయి, లాటిన్ పేరులో అక్కడ ఒక్క 'ఎన్' మాత్రమే ఉంటుంది.

తుంగముస్తె సైపరస్ ప్రజాతికి చెందింది, ఇది కేరెక్స్ ప్రజాతి. కుటుంబం ఒకటే అయినా స్వభావాలు వేరు. తుంగముస్తె వేడినీ ఎండనీ కోరుతుంది. ఇది చల్లని కాలంలో, చెట్ల నీడన పెరిగేది. దీనికి గడ్డలుండవు. నేల పైపొరలో సన్నని కాండాలు అడ్డంగా పాకి, వాటి కణుపుల దగ్గర కొత్త పిలకలు లేస్తాయి.

నర్సరీ చీటీ మీద సాధారణంగా నాలుగు మాటలుంటాయి: పొడి నీడలో బతుకుతుంది, కోత అక్కర్లేదు, జింకలు అంతగా ముట్టవు, పరుచుకుంటుంది. నాలుగూ నిజమే. అయినా నాటిన రెండో ఏడాదికి అక్కడొక కుచ్చు, ఇక్కడొక కుచ్చు మిగిలి, మధ్య ఖాళీల్లో కలుపు దూరిన పాదులు చాలాచోట్ల కనిపిస్తాయి. చాలామట్టుకు తప్పు మొక్కలో ఉండదు. దాన్ని పచ్చికలా చూడడంలో ఉంటుంది. లాన్ గడ్డి విత్తనంతో మొదలై, కొన్ని వారాల్లో నేల కప్పి, ఎరువు వేసినకొద్దీ చిక్కబడుతుంది. ఈ తుంగ విషయంలో ఆ మూడూ జరగవు. అడవిలో దాని ఏడాది ఎలా గడుస్తుందో చూస్తే తోటలో చేయాల్సిన పనులన్నీ అందులోంచే తేలతాయి.

అడవిలో దాని ఏడాది

కెనడాలోని క్విబెక్, అమెరికాలోని మెయిన్ నుంచి పడమరన మానిటోబా, నార్త్ డకోటా దాకా, దక్షిణాన జార్జియా వరకు ఇది సహజంగా పెరుగుతుంది. ఎక్కువగా కనిపించేది ఓక్, హికరీ, మేపుల్ అడవుల్లో, నీరు నిలవని వాలుల మీద, ఇసుక కలిసిన ఆమ్ల నేలల్లో. మిన్నెసోటా చలికి తట్టుకుంటుంది కాబట్టి జోన్ 3 నుంచి 8 వరకు (చలి తీవ్రతను బట్టి అమెరికా వ్యవసాయ శాఖ చేసిన విభాగాలివి, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ) దిగులు లేదు.

ఆకులు 1 నుంచి 3 మిల్లీమీటర్ల వెడల్పు, 6 నుంచి 12 అంగుళాల పొడవు. నిటారుగా నిలబడకుండా పక్కకు ఒరుగుతాయి కనుక పాదు ఎత్తు సుమారు 8 అంగుళాలే అనిపిస్తుంది. ఏప్రిల్‌లో, ఓక్‌లు ఇంకా మోడుగా ఉండి నేల మీద ఎండ పడే ఆ కొన్ని వారాల్లోనే ఇది కొత్త ఆకు వేసి పూతకొస్తుంది. కంకి కొసన మగపూలు, లేత పసుపు పుప్పొడితో. దాని కిందనే రెండు మూడు చిన్న ఆడకంకులు. పరాగసంపర్కం గాలి ద్వారా జరుగుతుంది. చెట్లు ఆకులు తొడిగితే అడవిలో గాలి మందగిస్తుంది కాబట్టి ఈ తొందర అర్థవంతమైనదే. మే, జూన్‌లలో గింజలు ముదిరి, నూగున్న చిన్న సంచుల్లో ఉండగానే రాలిపోతాయి. వేసవిలో మొక్క ఉన్నచోటే ఓపిక పడుతుంది. సెప్టెంబరు చల్లబడ్డాక మళ్ళీ కొంత పెరుగుతుంది.

దీన్నిబట్టి తోటకు పనికొచ్చే నియమం ఒకటి తేలుతుంది. వసంతం, శరదృతువు దీనికి పనిచేసే కాలాలు, వేసవి ఓర్చుకునే కాలం. నాటడం, పాదు విడదీయడం, కోయడం అన్నీ ఆ రెండు పనికాలాల మొదట్లోనే జరగాలి. జులైలో విడదీసి నాటిన ముక్కల్లో చాలా ఎండిపోవడానికి కారణం ఇదే.

రెండో విషయం విత్తనం. ఈ మొక్క కాయించే గింజ తక్కువ. కాసినవాటిలోనూ తాలువి చాలా. మంచి గింజ కూడా నిద్రలో ఉంటుంది, రెండు నెలలు చల్లగా, తేమగా ఉంచినా మొలక శాతం అంతంతమాత్రం. అడవిలో కూడా ఇది ప్రధానంగా నేలలో పాకుతూనే విస్తరిస్తుంది, అదీ ఏడాదికి కొన్ని అంగుళాలే. అందుకే విత్తనాల పొట్లం కొని చల్లి పచ్చిక ఆశించడం డబ్బు దండగ. మొక్కలే నాటాలి. నర్సరీలు కూడా చాలావరకు పాదు విడదీసే పెంచుతాయి, ధర ఎక్కువగా ఉండడానికి అది ఒక కారణం.

కొనేముందు: ఇది అదేనా?

కేరెక్స్ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద సుమారు 2000 జాతులున్నాయి. ఉత్తర అమెరికాలోనే 480 దాకా ఉన్నాయి. పూత లేనప్పుడు వాటిని వేరుచేసి చెప్పడం నిపుణులకీ కష్టమే. కాబట్టి అంగళ్ళలో పేర్లు తారుమారు కావడం మామూలు.

ముందు అది గడ్డి కాదు, సెడ్జ్ అని తేల్చుకోవాలి. పూకాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా, లోపల డొల్లగా ఉంటుంది. సెడ్జ్ ఆకులు మూడు వరసల్లో వస్తాయి, గడ్డివి రెండు వరసల్లో. పెన్సిల్వేనియా సెడ్జ్ అయితే పిలక మొదలు దగ్గర ఎర్రటి గోధుమరంగు, పాత ఆకుల పీచు కనిపిస్తాయి. కుండీలోంచి బయటకు లాగి చూస్తే పక్కకు పాకే సన్నని కాండాలు ఉండాలి. అన్నీ ఒకే కుచ్చుగా ఉండి పాకే కాండం ఒక్కటీ లేకపోతే అది వేరే జాతి కావచ్చు. కేరెక్స్ రోజియా, కేరెక్స్ అపలాచికా లాంటి కుచ్చు జాతులు చూపుకు చాలా దగ్గరగా ఉంటాయి. అవి మంచి మొక్కలే, కాని పాకవు.

జపాన్ నుంచి వచ్చిన మోరోవై, ఓషిమెన్సిస్ జాతులు కూడా సెడ్జ్ పేరుతోనే అమ్ముతారు. దళసరి ఆకు, తెల్లని లేదా పసుపు చారలు ఉంటే దాదాపు అవే. పశ్చిమ తీరంలో మరో చిక్కు ఉంది. అక్కడి కేరెక్స్ ఇనాప్స్‌ను ఒకప్పుడు పెన్సిల్వానికా ఉపజాతిగా రాసేవారు, ఆ పాత పేరు ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. ఒరెగన్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్ళకి పెన్సిల్వేనియా సెడ్జ్ స్థానిక మొక్క కాదు. అక్కడ తమ ప్రాంతపు జాతినే అడగడం మేలు.

నాటడం

చోటు ఎంపిక దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడే నీడ, లేదా ఉదయం రెండు మూడు గంటల ఎండ దీనికి సరిపోతుంది. మధ్యాహ్నపు మండుటెండ పడితే ఆకు పాలిపోతుంది. నార్వే మేపుల్ కిందిలాంటి కారునీడలో చావదుగాని ఎప్పటికీ పలచగానే ఉంటుంది. వాన కురిసిన మర్నాడు కూడా నీళ్ళు నిలిచి ఉండే నేలైతే ఈ జాతిని వదిలేయండి.

చెట్టు కింద టిల్లర్ తిప్పకూడదు. చెట్టుకు తిండిపెట్టే సన్నవేర్లలో ఎక్కువ భాగం పైనున్న కొద్ది అంగుళాల మట్టిలోనే ఉంటుంది. టిల్లర్ వాటిని కోసేస్తుంది, నేలలో నిద్రపోతున్న కలుపు గింజలను కూడా పైకి తెస్తుంది. వేర్ల మీద కొత్త మట్టి మందంగా పోయడమూ ప్రమాదమే. బాగా మగ్గిన ఆకు ఎరువు ఒక అంగుళం పరిస్తే చాలు. పాత పచ్చిక పలచగా ఉంటే పారతో పైపైన చెక్కి తీసేయొచ్చు. దట్టంగా ఉంటే అట్టపెట్టెల అట్ట పరిచి, తడిపి, మీద రెండు అంగుళాల తురిమిన ఆకులు వేసి ఒక సీజన్ వదిలేస్తే చస్తుంది. ఐవీ, గార్లిక్ మస్టర్డ్ లాంటి అల్లుకుపోయే కలుపు మొక్కలు ఉంటే వాటిని పూర్తిగా తొలగించేదాకా సెడ్జ్ నాటొద్దు. నాటాక వాటిని ఏరడం నాలుగింతల పని.

ఇక లెక్క. ట్రేలలో అమ్మే ప్లగ్గులు, అంటే వేలెడు లోతు గుంటల్లో పెంచిన చిన్న మొక్కలు, పెద్ద కుండీల కంటే అన్నివిధాలా మేలు. చిన్న గుంత చాలు కాబట్టి చెట్టు వేర్లకు దెబ్బ తగలదు. 100 చదరపు అడుగులకు, 12 అంగుళాల ఎడంలో చదరంగా నాటితే 100 మొక్కలు, 10 అంగుళాలకు 144, 8 అంగుళాలకు 225, 6 అంగుళాలకు 400 పడతాయి. త్రికోణపు వరసల్లో, అంటే పై వరస మొక్క కింది వరస ఖాళీకి ఎదురుగా వచ్చేట్టు నాటితే ఇంకో 15 శాతం కలుపుకోవాలి. 50 మొక్కల ట్రేలైతే 8 అంగుళాల ఎడానికి 5 ట్రేలు కావాలి.

చాలామంది ఖర్చు చూసి 18 అంగుళాల ఎడం పెడతారు. సగానికి సగం వైఫల్యాలకు మూలం ఇదే అనిపిస్తుంది. ఏడాదికి కొన్ని అంగుళాలు పాకే మొక్కకు అంత ఖాళీ ఇస్తే, అది కలిసేలోపు నాలుగైదు తరాల కలుపు పుట్టి గింజ రాల్చి వెళ్తుంది. ఆ నాలుగేళ్ళ కలుపు తీత ఖర్చు మొక్కల ఖర్చును మించిపోతుంది. డబ్బు తక్కువుంటే మొత్తం జాగాలో పలచగా నాటడం కంటే, మూడోవంతు జాగాలో 8 అంగుళాల ఎడంతో చిక్కగా నాటి, మిగతాది ఆకుల మల్చ్ (నేలను కప్పేలా పరిచే పొర) కింద ఉంచండి. మూడో ఏడు ఆ చిక్కటి పాదునే విడదీసి మిగతా జాగాకు సరఫరా చేసుకోవచ్చు.

సమయం: వసంతంలో నేల పనికి లొంగిన వెంటనే, లేదా శరదృతువు మొదట్లో నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు. వర్జీనియా, మేరీల్యాండ్ ప్రాంతాల్లో సెప్టెంబరు నాట్లు చక్కగా కుదురుకుంటాయి. విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో మాత్రం వసంతమే నయం. అక్కడ ఆలస్యంగా నాటిన ప్లగ్గులను నేలలోని మంచు ఉబ్బి పైకి నెట్టేస్తుంది, వేర్లు గాలిలో వేలాడి చస్తాయి.

ఇరుకైన తాపీతోనో నాటే కత్తితోనో ప్లగ్గు పట్టేంత గుంత తీయండి. అంగుళం మందం వేరు అడ్డొస్తే కోయొద్దు, గుంతనే పక్కకు జరపండి. ప్లగ్గు పైభాగం నేలతో సమంగా ఉండాలి. ఆకులు పుట్టే మొదలు మట్టిలోకి దిగితే కుళ్ళుతుంది, మరీ పైకి ఉంటే ప్లగ్గులోని తేలికమట్టి తడిని గాలికి వదిలేస్తుంది. చుట్టూ వేళ్ళతో గట్టిగా అదమండి. చెట్టు బెరడు చెక్కల మల్చ్ మందంగా వేస్తే పైపొరలో పాకాల్సిన కాండాలకు దారి మూసుకుపోతుంది. తురిమిన ఆకులు ఒక అంగుళం, మొక్క మొదలుకు తగలకుండా వేస్తే చాలు.

పొడి నీడలో బతుకుతుందన్న మాట కుదురుకున్న మొక్కకు వర్తిస్తుంది, నిన్న నాటినదానికి కాదు. పైగా చెట్టు గొడుగు చిన్న వానలను నేలదాకా రానివ్వదు, వచ్చిన తడిని చెట్టువేర్లే ముందు తాగేస్తాయి. మొదటి పెరుగుదల కాలమంతా వారానికి ఒక అంగుళం నీరు అందేట్టు చూడాలి. 100 చదరపు అడుగులకు అంగుళం నీరంటే 62 గాలన్లు. పైపైన రోజూ చిలకరించడం కంటే వారానికి రెండుసార్లు నిదానంగా, లోతుగా పెట్టాలి. రెండో వేసవిలో వరసగా రెండు మూడు వారాలు వాన లేనప్పుడు మాత్రమే. ఆ తర్వాత వదిలేయొచ్చు. ఎరువు వేయనక్కర్లేదు. వేస్తే లాభపడేది ఎక్కువగా కలుపే.

మొదటి మూడేళ్ళలో దెబ్బతినే చోట్లు

మొదటిది రాలిన ఆకులు. అడవి మొక్కే కదా, ఆకులంటే ఇష్టమేనన్న ధీమాతో ఓక్ ఆకులను అలాగే వదిలేస్తారు. కుదురుకున్న పాదు ఒక పలచటి పొర కిందినుంచి సులువుగా పొడుచుకొస్తుంది. ఆరు ఆకుల ప్లగ్గు మాత్రం తడిసి అట్టకట్టిన దళసరి ఓక్ ఆకుల కింద ఊపిరాడక చస్తుంది. మొదటి రెండు శరదృతువుల్లో ఆకులను తీసి, యంత్రంతో తురిమి, పలచగా తిరిగి వేయాలి. ఇందుకు లీఫ్ బ్లోయర్ వాడితే వేరుపట్టని ప్లగ్గులు కూడా లేచిపోతాయి. వెడల్పు రేకు చువ్వల రేక్‌తో తేలిగ్గా లాగితే చాలు.

రెండోది స్టిల్ట్‌గ్రాస్. ఆసియా నుంచి వచ్చి తూర్పు అడవులను ఆక్రమించిన ఏకవార్షిక గడ్డి. లేతగా ఉన్నప్పుడు సెడ్జ్ మధ్య సులువుగా దాక్కుంటుంది. దాని ఆకు పొట్టిగా, వెడల్పుగా ఉండి మధ్యలో వెండిరంగు ఈనె మెరుస్తుంది, సెడ్జ్ ఆకు దారంలా పొడుగ్గా ఉంటుంది. ఈ తేడా కన్నుకు అలవాటైతే పీకడం తేలికే, వేరు లోతుకు పోదు. వేసవి చివర గింజ పట్టేలోపు పీకేయాలి. నేలలో పడిన గింజ కొన్నేళ్ళు నిలవుంటుంది కనుక ఒక్క ఏడాదితో పని తీరదు.

మూడోది తొక్కిడి. దీన్ని లాన్ అంటున్నారు గనుక పిల్లలు ఆడుకోవచ్చు, కుక్కలు పరిగెత్తవచ్చు అనుకుంటారు. అప్పుడప్పుడు నడిస్తే ఓర్చుకుంటుంది. రోజూ ఒకే దారిలో నడిస్తే బాట పడుతుంది, ఆ బాట తిరిగి పూడదు. నడిచే దారి ముందే తెలిస్తే రెండడుగులకొక రాయి పరిచి చుట్టూ సెడ్జ్ నాటడమే పద్ధతి.

కోత విషయంలో అపోహలే ఎక్కువ. అసలు కోయకపోయినా మొక్కకు నష్టం లేదు. ఉత్తరాన చలికాలానికి ఆకు గడ్డిరంగుకు తిరుగుతుంది, దక్షిణాన సగం పచ్చగా ఉంటుంది. పాత ఆకు కంటికి నచ్చకపోతే చలి చివర, కొత్త పిలక లేవకముందు ఒక్కసారి 3 అంగుళాల ఎత్తులో కోస్తే చాలు. ఆలస్యం చేసి కొత్త ఆకు కొసలు కోస్తే ఆ వసంతమంతా పాదు కొసలు నరికినట్టు కనిపిస్తుంది. రెండు అంగుళాల కంటే కిందికి ఎప్పుడూ పోకూడదు.

ఎక్కువ నెగ్గినా చిక్కే

మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా మేపుల్ అడవుల్లో ఈ మొక్కది మరో ముఖం. అక్కడ జింకలు విపరీతంగా పెరిగి చెట్ల మొలకలనూ అడవిపూల మొక్కలనూ మేసేస్తాయి. ఒకప్పుడు హిమనదాలు కప్పిన ఆ నేలల్లో సహజంగా లేని ఐరోపా వానపాములు వచ్చి ఆకుల పొరను తినేస్తాయి. ఈ రెండు దెబ్బలకూ తట్టుకునేది పెన్సిల్వేనియా సెడ్జ్. పోటీ తగ్గగానే అది నేలంతా చాపలా అల్లుకుపోయి, మేపుల్ గింజ మొలకెత్తినా నిలదొక్కుకోనివ్వదు. స్థానిక మొక్క అయినంత మాత్రాన ఎంత ఉన్నా మంచిదే అనలేం.

తోటకు ఇందులో తీసుకోవాల్సింది ఉంది. గజాల కొద్దీ సెడ్జ్ ఒక్కటే నాటితే ఆకుపచ్చ కార్పెట్ అవుతుందిగాని అడవి నేల కాదు. దానికి తోడు నాటేవి ఆ చాపను చీల్చుకుని లేవగలవై ఉండాలి. క్రిస్మస్ ఫెర్న్, వైల్డ్ జెరేనియం, వైట్ వుడ్ ఆస్టర్, నీలి కాడల గోల్డెన్‌రాడ్ లాంటివి నిలుస్తాయి. వాటిని సెడ్జ్‌తో పాటే, లేదా ఒక సీజన్ ముందే, మూడేసి అయిదేసి గుంపులుగా నాటాలి. అల్లుకున్నాక మధ్యలో గుచ్చితే చాలావరకు ఓడిపోతాయి. ట్రిలియం, బ్లడ్‌రూట్ లాంటి నెమ్మది మొక్కల చుట్టూ ఒక అడుగు సెడ్జ్ లేకుండా వదలండి.

ఈ జాతి సరిపోని చోట

డెలావేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్ అనే స్థానిక మొక్కల ఉద్యానవనం 70 రకాల కేరెక్స్‌లను నాలుగేళ్ళపాటు పక్కపక్కనే పెంచి 2022లో ఫలితాలు ప్రకటించింది. అందులో మొదటి స్థానం పెన్సిల్వానికాకు కాదు, కేరెక్స్ వుడై అనే అంతగా పేరులేని జాతికి దక్కింది. అదీ నేలలో పాకేదే. పరీక్ష జరిగింది అమెరికా తూర్పు తీరపు మధ్యభాగం (మధ్య అట్లాంటిక్ రాష్ట్రాల) వాతావరణంలో అని గుర్తుపెట్టుకుంటే, నేలలో కాస్త సారం, తేమ ఉన్న చోట ముందు అడగాల్సింది వుడైనే. ఇసుక కలిసిన పొడి వాలుకు మాత్రం పెన్సిల్వానికా వైపే మొగ్గు.

సున్నపు నేలైతే దారపు పోగుల్లాంటి ఆకులున్న కేరెక్స్ ఎబర్నియా. నీరు నిలిచే పల్లమైతే కేరెక్స్ బ్రోమాయిడిస్, లేదా గదల్లాంటి కాయలు కాసే కేరెక్స్ గ్రేయై. బంకమట్టిలో కేరెక్స్ బ్లాండా బతుకుతుంది, కాని గింజ విరివిగా రాల్చి అనుకోని చోట్లా లేస్తుంది. తేమగల వాలులో కంటికి నిండుగా ఉండాలంటే ముడతల వెడల్పాకు కేరెక్స్ ప్లాంటాజీనియా.

పాదు విడదీసే పని మూడో వసంతంలో, కొత్త ఆకు రెండు అంగుళాలు లేచినప్పుడు మొదలుపెట్టాలి. ముందురోజు బాగా తడపండి. చిక్కటి చోట అడుగు చదరం ముక్కను మూడు అంగుళాల లోతుతో పారతో తీసి, చేతులతో చీల్చండి, కత్తి వాడితే పాకే కాండాలు తెగుతాయి. ప్రతి ముక్కకూ మూడు నాలుగు పిలకలు, కనీసం ఒక పాకే కాండం ఉండేట్టు చూసి, ఆకును సగానికి కత్తిరించి, తడిగుడ్డ కప్పి ఉంచి, గంటలోపు నాటేయండి. తీసిన గుంతలో ఆకు ఎరువు నింపి వదిలితే చుట్టూ ఉన్న పాదు దాన్ని మళ్ళీ అల్లుకుంటుంది.